రూతక్క కోయని మేక

పోయిన నెల మా సంఘం వాట్సాప్ గ్రూపులో నేనొక ప్రార్థన విన్నపం పెట్టాను. తప్పిపోయిన ఒక పాప ఫొటో, దాని కింద గుండె తరుక్కుపోయే నాలుగు మాటలు, ఆఖరున పదిమందికి పంపమని మనవి. పదిమందితో ఆగే మనిషిని కాను నేను. స్త్రీల సమాజానికి పంపాను, రిటైరైన టీచర్లకు పంపాను, మా వీధిలో గ్యాస్ బండి ఎప్పుడొస్తుందో చెప్పుకునే గ్రూపుకి కూడా పంపాను. ఒక్కోదానికి జోడించిన చేతుల బొమ్మలు అయిదేసి తగిలించాను. గంట తిరక్కుండా నలభై ఆమేన్లు వచ్చాయి. అరవై తొమ్మిదేళ్ల వయసులో, మోకాళ్లు అరిగిపోయి, మంచం మీద కూర్చుని ఇంత పరిచర్య చేస్తున్నానని నా మీద నాకే ముచ్చటేసింది. సాయంత్రం మా మేనకోడలు ఫోన్ చేసి, ఆ పాప దొరికి చాలా ఏళ్లయిందనీ, ఇప్పుడు కాలేజీలో చదువుతోందనీ, పంపిన చోటల్లా అది తప్పని మళ్లీ పెట్టమనీ చెప్పింది. పెట్టాను. దానికి ఒక్క చేతుల బొమ్మ కూడా రాలేదు. గ్యాస్ గ్రూపులో ఒకాయన మాత్రం, బండి రేపొస్తుందా అని అడిగాడు.

ఆ పని చేస్తుంటే ఇది నాకు కొత్త కాదని గుర్తొచ్చింది. పంతొమ్మిదేళ్లప్పుడు ఇదే పని కాళ్లతో చేశాను. మర్నాడు పొద్దున పనిమనిషి చేత అటక మీది ట్రంకు దింపించి, పాత దుప్పట్ల మధ్య నుంచి ఒక పలక బయటికి తీశాను. ఒక మూల విరిగిన నల్ల పలక. దాని మీద మా నాయన ఇనుప ములుకుతో గీరి రాసిన ఎనిమిది పేర్లు. బలపంతో రాస్తే ఉమ్మితో తడిచేసి తుడిచేస్తానని ఆయనకు నా మీద అంత నమ్మకం. ఒక్కో పేరు మీద నేను బలపంతో కొట్టిన గీతలు మాత్రం ఎప్పుడో చెరిగిపోయాయి. గీతలు లేని ఆ ఎనిమిది పేర్లూ నిన్ననే రాసినట్టు నావైపు చూశాయి.

మా నాయన మార్కాపురంలో పలకలు కోసే పనిలో ఉండేవాడు. రాయిని పొరలుగా చీల్చి, కోసి, నీళ్లలో రుద్ది నునుపు చేసే పని. ఆయన గోళ్లు ఎప్పుడూ బూడిద రంగులోనే ఉండేవి. ఎంత తోమినా, ఆదివారం తెల్ల చొక్కా వేసుకున్నా ఆ గోళ్లు మాత్రం పనిలోనే ఉండేవి. ఇంట్లోకి అడుగుపెడితే తడిసిన రాతిపొడి వాసన. అది మా ఇంటి వాసన అని నాకు చాలాకాలం తెలియదు, లోకమంతా అలాగే ఉంటుందనుకున్నాను. మూల విరిగినవీ, చట్రానికి పనికిరానివీ పలకలు ఇంటికి తెచ్చుకోనిచ్చేవారు. అందుకని మా ఇంట్లో ప్రతిదీ పలక మీదే. కిరసనాయిలు అయిపోయిందన్న సంగతి ఒక పలక మీద, ఆదివారం గుడిలో, అంటే మా చర్చిలో, పాడే పాటల నంబర్లు ఒక పలక మీద. ఆ నంబర్ల పలకను నాయనే తీసుకెళ్లి గుడిలో వేదిక పక్కన మేకుకి తగిలించేవాడు. సంఘ పెద్దగా ఆయన చేసే పనుల్లో ఆయనకు బాగా ఇష్టమైనది అదే అని నా అనుమానం.

పొద్దున కుటుంబ ప్రార్థన కాకుండా మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. నాయన ప్రార్థన మూడు వాక్యాలు. అమ్మది ఇంకా చిన్నది, ఆమె మనసు అప్పటికే ఉలవచారు మీద ఉండేది. మిగిలిన సమయమంతా నాది. లోకంలోని రోగులనూ, విధవరాండ్రనూ, ప్రయాణాల్లో ఉన్నవారినీ, పాలకులనూ ఒక్కరినీ వదలకుండా పేరుపేరునా దేవుడికి అప్పజెప్పేదాన్ని. గొంతు వణికించడం, ఒకచోట ఆగి ఏడ్పు మింగడం నేర్చుకున్నాను. స్త్రీల కూడికలో నా ప్రార్థనకు మంచి పేరు వచ్చింది. పేరు వచ్చిందని నాకు తెలుసు, తెలిసినకొద్దీ ప్రార్థన ఇంకాస్త పొడుగయ్యేది. ఒక బుధవారం కూడిక అయ్యాక రూతక్క నన్ను పక్కకు పిలిచి, చాలా మెల్లగా, "చిన్నదిగా చేయి సుశీలా, దేవునికి వినబడతాది" అంది.

రూతక్క గురించి చెప్పాలి. నాకంటే పదిహేను పదహారేళ్లు పెద్దది. ఆమె భర్త కూడా రాతి పనే. వాళ్లది అర్ధవీడు అవతల, కొండ కింది పల్లె. పెళ్లయ్యాక మార్కాపురం వచ్చారు. నెలకొకసారి మా గుడిలో ప్రభువు బల్ల ఇచ్చేటప్పుడు అందరికీ పంచే పులియని రొట్టె చేసేది ఆమే. మాకు కొన్న రొట్టెలు తెలియవు. శనివారం సాయంత్రం తలస్నానం చేసి, గోధుమపిండి జల్లించి, ఎవరితోనూ మాట్లాడకుండా, నోట్లో ఏదో పాట సన్నగా పాడుకుంటూ పెనం మీద కాల్చేది. మాట్లాడితే పిండికి తగులుతుందా అని నేనొకసారి వెక్కిరించాను. పిండికి కాదు, నాకు తగులుతుందని చెప్పింది. సంఘంలో ఏ ఆడమనిషికైనా అంతకంటే గౌరవం లేదు. ఆ పని ఏదో ఒక రోజు నాకు రావాలని నాకు ఉండేది. నాకు రొట్టె గుండ్రంగా రాదన్న సంగతి అడ్డం రాలేదు.

దేవునికి వినబడుతుందన్న ఆ ఒక్క మాట నాలో ముల్లులా దిగింది. కోపం వచ్చిందని అప్పుడు ఒప్పుకోలేదు. రూతక్క ఆత్మీయంగా కాస్త చల్లబడిందేమోనని బాధపడ్డాను. మా భాషలో కోపానికి చాలా మంచి పేర్లు ఉండేవి.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఎక్కడినుంచో ఒక బృందం మా వైపు దిగింది. ఫలానా నెలలో లోకం అంతమైపోతుందని లెక్కలు కట్టి, కరపత్రాలు అచ్చువేయించి, గిద్దలూరు నుంచి యర్రగొండపాలెం దాకా మండుటెండలో కాలినడకన తిరిగి పంచిపెట్టారు. మా పాస్టరయ్యగారు మూడు ఆదివారాలు వరసగా దాని మీదే ప్రసంగం చేశారు. వాళ్లు చెప్పేది తప్పు, కానీ వాళ్లకున్న ఆసక్తి చూడండి, చెప్పులు అరిగిపోయేదాకా తిరుగుతున్నారు, నిజం చేతిలో ఉన్న మనం మాత్రం ఇంట్లో విసనకర్ర పట్టుకుని కూర్చున్నాం అని ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆ ప్రసంగం సంఘంలో అందరికంటే నన్నే ఎక్కువ కదిలించింది. ఆసక్తి తెచ్చుకోవాలని అక్కడికక్కడే తీర్మానించుకున్నాను. ఆసక్తి వచ్చేసింది కూడా. చెప్పడానికి సరుకే దొరకలేదు.

సరుకు తర్వాతి వారం దొరికింది. అర్ధవీడులో ఉన్న మా పెద్దమ్మకు ఒంట్లో బాగోలేదంటే చూడ్డానికి బయల్దేరాను. బస్సు అర్ధవీడు బయట మలుపు తిరుగుతుంటే కిటికీలోంచి అమ్మవారి గుడి కనబడింది. గుడి ముందు రూతక్క. చెప్పులు విడిచి నిలబడింది. బుగ్గ మీద పసుపు, కొంగుకి పసుపు. పక్కన రాటకి కట్టేసిన మేక. అంతే, మలుపు తిరిగింది, గుడి వెనక్కి పోయింది. పెద్దమ్మ ఎలా ఉందో ఆ రోజు సరిగా చూశానో లేదో గుర్తులేదు. తిరుగు ప్రయాణంలో నా గుండె వేగంగా కొట్టుకోవడం మాత్రం గుర్తుంది. దాన్ని నేను దుఃఖం అనుకున్నాను.

మాలో చాడీలు చెప్పడం పాపం. అది అందరికీ తెలుసు, మేము చెప్పుకునేవాళ్లం కాదు. ప్రార్థన విన్నపం ఇచ్చేవాళ్లం. బుధవారం కూడికలో కళ్లు మూసుకుని, గొంతు వణికించి, "తండ్రీ, మా సహోదరి రూతమ్మను జ్ఞాపకం చేసుకో, ఆమె అమ్మవారి గుడి ముందు ముఖాన పసుపుతో, మేకతో నిలబడి ఉండగా ఈ కళ్లు చూశాయి" అని మొదలుపెట్టాను. ఆ రోజు రూతక్క కూడికకు రాలేదు, ఇంకా ఊరినుంచి తిరిగి రాలేదు. వచ్చి ఉంటే నాకు అంత ధైర్యం ఉండేది కాదు. నేను చెప్పిన ముక్కల్లో ఒక్కటీ అబద్ధం కాదు. పసుపు నిజం, గుడి నిజం, మేక నిజం. నేను చేసిందల్లా వాటిని పక్కపక్కన పెట్టి ఏడవడం. మామూలు మాటైతే ఎవరో ఒకరు ఆపి, నువ్వెప్పుడు చూశావు, ఎంతసేపు చూశావు అని అడిగి ఉండేవారు. ప్రార్థన మధ్యలో ఎవరూ అడ్డురారు. అందరూ ఆమేన్ అన్నారు.

ఆ వారంలోనే మరో ఆరేడు ఇళ్లలో అదే ప్రార్థన చేశాను, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ. నేను లేని చోట వాళ్లే చేసుకున్నారు. మేక పక్కన నిలబడిన రూతక్క, రెండిళ్లు దాటేసరికి మేకను తోలుకెళ్లింది. ఇంకో రెండిళ్లు దాటేసరికి కోసింది. ఎవరినీ తప్పుపట్టలేను. పక్కన నిలబడిన మేకతో ఎవరూ ఏమీ చేయలేరు, కథ ముందుకు పోవాలంటే దాన్ని కోయాల్సిందే. పెద్దల దగ్గరికి ఏడు ఇళ్ల వాళ్లు వెళ్లి ఒకే మాట చెప్పారు. ఏడుగురు సాక్షులు ఉన్నాక ఇంకేం కావాలి? ఆ పెద్దల్లో మా నాయన కూడా ఉన్నాడు. ఏడు నోళ్లలోకీ ఆ మాట ఒకే నోటినుంచి వెళ్లిందనీ, ఆ నోరు తన ఇంట్లోనే పొద్దుటిపూట అరగంట ప్రార్థన చేస్తుందనీ ఆయనకు తెలియదు.

ఆ నెల రొట్టె చేసే పని సంఘంలోనే ఎస్తేరమ్మ అనే ఆవిడకు ఇచ్చారు. విచారణ అయ్యేదాకా ఆగమని రూతక్కకు చెప్పారట. ఆదివారం ఆమె వచ్చి వెనక వరసలో కూర్చుంది. ఆరాధనకు ముందు ఒక్కసారి లేచి నిలబడి, "ఎవరు చూసినారు?" అని అడిగింది. అంతే, ఇంకో మాట లేదు. నేను పాటల పుస్తకం తెరిచి, పాడని పాట ఒకటి చాలా శ్రద్ధగా చదువుకున్నాను. రొట్టె పళ్లెం తన దగ్గరికి వచ్చినప్పుడు రూతక్క, విచారణ తేలలేదని, ముక్క తీసుకోకుండా పక్కావిడకు అందించింది. ఎస్తేరమ్మ రొట్టె మందంగా, సగమే కాలి ఉంది. నేను నమిలి మింగాను. గొంతు దిగలేదని రాస్తే బాగుంటుంది కానీ, దిగింది.

ఇంకో రెండు వారాలకు గిద్దలూరు నుంచి మా మేనత్త వచ్చింది. కాళ్లు కడుక్కోకముందే, మీ వైపు ఎంత ఘోరం జరిగిందో తెలుసా అని మొదలుపెట్టింది. మార్కాపురం తట్టు ఒక విశ్వాసురాలు, దేవుడి బల్లకు రొట్టెలు చేసే మనిషే, కొండ మీద మూడు మేకలు బలిచ్చి, ఆ రక్తం బొట్టు పెట్టుకుని ఆరాధనకు వచ్చిందట. గిద్దలూరు సంఘమంతా ఉపవాసం ఉండి ప్రార్థన చేస్తున్నారట. నేను నిజంగా ఉలిక్కిపడ్డాను. ఇలాంటివాళ్లు కూడా ఉంటారా అనుకున్నాను. ఇది చదివేవాళ్లు నమ్మరు కానీ, ఆ మూడు మేకల అభాగ్యురాలి కోసం నేను అక్కడే మోకరించి కన్నీళ్లతో ప్రార్థన చేశాను. నా సొంత సరుకు ముస్తాబై తిరిగొస్తే గుర్తుపట్టలేకపోయాను.

గుర్తుపట్టింది నాయన. గుమ్మంలో కూర్చుని పలక చట్రాలకు నూనె రుద్దుతున్నవాడు చెయ్యి ఆపాడు. నా ప్రార్థన అయ్యేదాకా ఆగి, మేనత్త లోపలికి వెళ్లాక, అర్ధవీడు వెళ్లినప్పుడు నువ్వేమైనా చూశావా అని అడిగాడు. చూశానన్నాను.

"ఎంతసేపు చూసినావు?"

"బస్సు మలుపు తిరిగేంతసేపు."

ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. మర్నాడు పనికి సెలవు పెట్టి, తువ్వాలు భుజాన వేసుకుని బయల్దేరాడు. కంభం దాకా బస్సు దొరికింది, అక్కడినుంచి అర్ధవీడు బస్సు రాలేదు, నడిచాడు. అర్ధవీడు నుంచి కొండ కింది పల్లెకు ఎలాగూ నడకే. నా మాటకు గిద్దలూరు వెళ్లి రావడానికి ఏ కష్టమూ లేకపోయింది. అది నిజమో కాదో కనుక్కోవడానికి మాత్రం ఒక మనిషి రెండు రోజులు ఎండలో నడవాల్సి వచ్చింది. తిరిగొచ్చినప్పుడు ఆయన మడమలు పగిలి ఉన్నాయి. అమ్మ వేడినీళ్లు పెట్టింది. నేను ఉప్పు తెచ్చాను. ఆ నీళ్లలో కాళ్లు పెట్టుకుని ఆయన మొత్తం చెప్పాడు.

ఆ పల్లెలో అంకమ్మ అని గొర్రెలు, మేకలు కాచుకునే ఇంటి కోడలు ఉంది. రూతక్కా ఆమే చిన్నప్పటినుంచి స్నేహితులు. అంకమ్మకు చాలా ఏళ్లకు కొడుకు పుట్టాడు. బిడ్డకు పసుపు పూసి గుడికి తెచ్చుకున్నారు. మొక్కు తీర్చుకోవడానికి లోపలికి వెళ్లేముందు, వాడు గుక్కపెట్టి ఏడుస్తుంటే, బయట నిలబడ్డ రూతక్క చేతిలో పెట్టారు. ఆమె బిడ్డను భుజాన వేసుకుని ఊరుకోబెట్టింది, బుగ్గకీ కొంగుకీ అంటింది వాడి ఒంటి పసుపే. కిటికీలోంచి నాకు కనబడని అవతలి భుజం మీద బిడ్డ ఉన్నాడు. మేక అంకమ్మ వాళ్లది. మా నాయన వచ్చిన పని చెబితే అంకమ్మ చాలాసేపు నవ్విందట, ఆ తర్వాత నవ్వడం మానేసి ఆమె అన్న మాటను నాయన ఉన్నదున్నట్టు చెప్పాడు: "లోపలికి రమ్మంటే మీ ఆచారం కాదని బయటే నిలబడింది మా రూతి. రాలేదని మా అమ్మవారే కోపం చేసుకోలేదు. మీకేంది కోపం?"

ఆ సాయంత్రమే నాయన రూతక్క ఇంటికి వెళ్లి, అడక్కుండానే నమ్మినందుకు తనను క్షమించమన్నాడు. వచ్చి, విరిగిన పలక ఒకటి తీసుకుని, నేను ఎక్కడెక్కడ ప్రార్థన చేశానో ఒక్కో పేరూ చెప్పించుకుని ఇనుప ములుకుతో గీరాడు. ఏడు పేర్లు అయ్యాయి. ఎనిమిదోది రూతక్క పేరు ఆయనే రాశాడు.

"కరపత్రాలోళ్లకు ఆసక్తి ఎక్కడినించి వచ్చిందో అని అయ్యగారు ఏడ్చినాడే, నాకిప్పుడు తెలిసింది. చెప్పేటప్పుడు బాగుంటాది. అందరూ మన మొగమే చూస్తారు. నిజం చెప్తే ఎవరూ చూడరు. అయినా చెప్పాల. ఏ ఇంట్లో మోకాళ్లూనినావో ఆ ఇంట్లోనే ఊని, చూసింది ఎంతో అంతే చెప్పిరా" అన్నాడు.

మొదటి ఇంట్లో నేను మోకరించి జరిగింది చెబితే, ఆ పెద్దావిడ ఆమేన్ అనలేదు. బిడ్డ సంగతి సరే, మరి మేకను ఎవరు కోశారు అని అడిగింది. మనవాళ్లెవరూ కోయలేదన్నాను. ఆమె ముఖంలో నిరాశ స్పష్టంగా కనబడింది. రెండో ఇంట్లో, నిప్పు లేకుండా పొగ వస్తుందా అన్నారు. మూడో ఇంట్లో నన్నే మెచ్చుకున్నారు, తోటి విశ్వాసురాలి తప్పు కప్పిపుచ్చడానికి నీ మీద వేసుకుంటున్నావు, ఎంత ప్రేమ అని. ఆ మెప్పును కాదనడానికి నేను పడిన పాట్లు ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఎందుకంటే కొంచెంసేపు కాదనలేదు కూడా. నాలుగో ఇంటినుంచి నాకు అలవాటైపోయింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు పూడుకుపోవాలో మళ్లీ కుదిరింది. ఏడో ఇంటికి వచ్చేసరికి నా పశ్చాత్తాపానికి కూడా స్త్రీల సమాజంలో మంచి పేరు వచ్చింది. ఒక్కో ఇల్లు కాగానే పలక మీద గీత కొట్టి నాయనకు చూపించేదాన్ని.

ఎనిమిదో ఇంటికి శనివారం సాయంత్రం వెళ్లాను. రొట్టె పని మళ్లీ రూతక్కకు ఇచ్చారు. వాకిట్లో కూర్చుని పిండి జల్లిస్తోంది, నోట్లో సన్నగా పాట. జుట్టు తడిగా ఉంది. నేను కంచె దగ్గర నిలబడ్డాను. ఏడు ఇళ్లలో నాకు వచ్చిన మాటలు అక్కడ ఒక్కటి కూడా పనికిరావని తెలిసింది. ఆమె ముందు ఏడిస్తే చూసి మెచ్చుకునేవాళ్లు ఎవరూ లేరు. నేను తప్పు చేశానక్కా అని నాలుగు మాటలు మామూలు గొంతుతో చెప్పాలి, నాకు ఆ గొంతు లేదు. వెనక్కి తిరిగి వచ్చేశాను. ఇంటికి వచ్చి పలక మీద ఎనిమిదో గీత కొట్టాను. నాయన చూసి, ఏమంది అని అడిగాడు. ఏమీ అనలేదన్నాను. ఆ మాట మాత్రం నిజమే. మర్నాడు రూతక్క రొట్టె పల్చగా, మెత్తగా, అక్కడక్కడ మచ్చలతో ఎప్పటిలాగే ఉంది. అదీ గొంతు దిగింది.

ఆ తర్వాత రేపు వెళ్దాం, వచ్చేవారం వెళ్దాం అనుకుంటూ ఉండగానే ఏడాదికి రూతక్క వాళ్లు సొంత పల్లెకు వెళ్లిపోయారు. నాకు ఉద్యోగం వచ్చింది. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు సత్యమే పలకవలెను అని కాపీలు రాయించి, వంకర అక్షరాలకు వేళ్ల మీద కొట్టాను. నాయన చనిపోయేముందు చాలా రోజులు మంచాన పడి ఉన్నాడు. రోజూ ఆయన పక్కనే కూర్చున్నాను, ఎనిమిదో గీత సంగతి చెప్పలేదు. ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. గోళ్లు చివరిదాకా బూడిద రంగులోనే ఉన్నాయి.

ఇప్పుడు నా ఫోన్‌లోకి రోజూ వచ్చే సందేశాల్లో సగం నా పాత ప్రార్థనకు చుట్టాలే. పసుపు నిజం, గుడి నిజం, మేక నిజం, బిడ్డ మాత్రం ఫొటోలో ఉండడు. అప్పుడు ఏడు ఇళ్లు తిరగడానికి వారం పట్టింది, చెప్పులు అరిగాయి. ఇప్పుడు వేలు అరగదు. తేడా ఏమైనా ఉందంటే అంతే. నేను మాత్రం మారలేదు, ఆ సంగతి మొన్న నలభై ఆమేన్లు చూసి మురిసిపోయినప్పుడే తెలిసింది. లోకం పాడైపోయిందని రాయడానికి కూర్చుంటే చేతికి ఆ పలక తగిలింది.

పోయిన గురువారం ఆ పలకను సంచిలో వేసుకుని బస్సెక్కాను. కంభంలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. రూతక్క ఉందో లేదో కూడా కనుక్కోలేదు, కనుక్కుంటే ఆగిపోయేందుకు ఏదో ఒక కారణం దొరుకుతుందని భయం. ఉంది. రేకుల ఇంటి ముందు నవారు మంచం మీద, ఎనభై అయిదేళ్ల మనిషి, పిడికెడు అయిపోయి కూర్చుని ఉంది. మనవరాలు నాకు కుర్చీ వేసి, ఎవరని అడిగింది. మార్కాపురం సుశీలను అన్నాను. ఆ అమ్మాయి ముఖం వెలిగింది. మార్కాపురమంటే అవ్వ మేకను కోసిన ఊరే కదా అంది. అవ్వ వయసులో ఉన్నప్పుడు ఎవరికీ చెప్పకుండా అమ్మవారికి మేకను కోసిందనీ, చర్చిలో పెద్ద గొడవైందనీ, తమ ఇంట్లో పండక్కి అందరూ కూడితే అది చెప్పుకుని నవ్వుకుంటారనీ చెప్పింది. అవ్వ కాదనదా అని అడిగాను. మొదట్లో అనేదట. తర్వాత ఊరుకుందట.

నా మాట ఇంకా బతికే ఉంది. మనవరాలి దాకా వచ్చి, పండగ భోజనాల్లో కూర్చుని ఉంది. అప్పుడు, ఇన్నేళ్లకు, మామూలు గొంతుతో చెప్పాను. చూసింది నేనేననీ, బస్సు మలుపు తిరిగేంతసేపు చూశాననీ, మీ అవ్వ ఒక బిడ్డను ఎత్తుకుని నిలబడిందనీ, మేక అంకమ్మ వాళ్లదనీ, అందరికీ తప్పుగా చెప్పింది నేనేననీ. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

"అంతేనా?" అంది ఆ అమ్మాయి. మేక పోయినందుకు కొంచెం బాధపడినట్టే ఉంది.

"అంతే," అంది రూతక్క మంచం మీదినుంచి. ఆమె వింటోందని నేననుకోలేదు. "ఆ బిడ్డకిప్పుడు మనవళ్లు."

నేను వెళ్లి మంచం పక్కన నిలబడి, తప్పు చేశానక్కా అన్నాను. నీకు చెప్పకుండానే చెప్పినట్టు నాయనను నమ్మించాననీ, పలక మీద గీత కూడా కొట్టాననీ చెప్పాను. రూతక్క పలకను చేతిలోకి తీసుకుని, చివరి పేరు మీద వేలు పెట్టి తడుముకుంది.

"తెలుసులే. కంచె దగ్గర నిలబడి పోయినావు, చూసినా. మర్నాడు మీ నాయన వచ్చినాడు. సుశీల వచ్చి చెప్పిందా తల్లీ అని అడిగినాడు. చెప్పిందన్నా."

రొట్టె ముక్క తీసుకోకుండా పళ్లెం పక్కవారికి అందించిన మనిషి, నా కోసం మా నాయనకు అబద్ధం చెప్పింది.

"ఎందుకక్కా?"

"ఆ యాళ ఆయన కాళ్లు ఇంకా మానలేదు. నువ్వెట్లాగూ వస్తావు గదా, ముందుగా చెప్తే ఏమాయె, రేపో ఎల్లుండో నిజమైపోతాదిలే అనుకున్నా." పలకను నా చేతికిచ్చింది. "శానా ఆలస్యం చేసినావు, మ్మే. ఆ ఒక్క అబద్ధం మోయలేక సచ్చినా. ఇంగ పోయింది. ప్రార్థన చేయి. చిన్నదిగా చేయి."

మంచం కోడు పట్టుకుని, అరిగిన మోకాళ్ల మీద ఎలాగో కూలబడ్డాను. కళ్లు మూసుకున్నాను. జీవితంలో మొదటిసారి నాకు ఒక్క మాట కూడా రాలేదు. రూతక్క కొంతసేపు చూసి, ఆమేన్ అంది.